నవాబు తోటలో ఎదురు తిరిగిన బతుకమ్మ

పోయిన ఏడాది బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు మా అమ్మాయి అనసూయ నాకొక ఉత్తరం రాసింది. అప్పుడు అది హైదరాబాదులోని యూనివర్సిటీలో బి.ఏ. రెండో ఏడు చదువుతూ ఆడపిల్లల హాస్టల్లో ఉండేది. "అమ్మా, తార్నాక అవతల నవాబు తోట ఉన్నది కదా, తాత మామిడిపండ్ల గంపలు మోసుకొచ్చి దించిపోయిన తోట, అది ఇప్పుడు అందరి తోట అయింది. పది పైసల టికెట్ కొంటే ఎవరైనా లోపలికి పోవచ్చు. మా హాస్టల్ పిల్లలం అండ్ల బతుకమ్మ ఆడుతున్నం. ఈసారి నువ్వు రావాలె. తాత నిలబడ్డ గేట్లకెల్లే నిన్ను లోపలికి తీసుకపోత" అని రాసింది.

నేను పోలేదు. బర్రె ఈనింది, విడిచి రాలేను అని జవాబు రాసి, ఒక గంప తంగేడు పువ్వు కోసి, తడిగుడ్డ చుట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. నిజానికి బర్రె ఈనలేదు. నాకు మంచి చీర లేదు. రెండో తరగతి చదివినదాన్ని, ఆ చదువుకున్న పిల్లల నడుమ వచ్చి నిలబడితే నా బిడ్డకే చిన్నతనం అవుతుందనుకున్నాను. క్రిస్మస్ నెలలో అనసూయకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు పెద్దాసుపత్రిలో ఉంచాం. దక్కలేదు. రమ్మని పిలిచిన ఉత్తరం నా దగ్గర మిగిలింది, నేను రాసిన అబద్ధం దాని దగ్గరకు పోయింది. ఆ అబద్ధం ఇంట్లో ఎవరికీ తెలియదు. పిలిచిన చోటికి ఒక్కసారి పోయి, అక్కడన్నా తప్పు ఒప్పుకొని రావాలని ఈ ఏడు బతుకమ్మ నాటికి బయలుదేరాను. తోట చూడటానికి పోయేవాళ్ళకు పనికివస్తుందని దారి, ఖర్చు కూడా రాస్తున్నాను.

మా వైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది నిండేదాకా ఆ ఇంటి ఆడవాళ్ళు బతుకమ్మ పేర్చరు, పువ్వు ముట్టరు, ఆటలో నిలబడరు. నేను పోతానంటే మా ఆయన అడ్డు చెప్పలేదు. ఆయన అక్క, మా రాజవ్వ వదినె, పక్క ఊరి నుంచి పరుగున వచ్చింది. ఆమెది వేరే ఇల్లు, వేరే పొయ్యి, ఆమెకు ఈ పట్టింపు లేదు. నా మీదనే ఆమెకు నమ్మకం లేదు.

"చూసొచ్చుడే. పువ్వు ముట్టుడు లేదు, వరుసల నిలబడుడు లేదు. ఒప్పుకుంటెనే నేను తోలుకపోత," అన్నది.

"ఒప్పుకున్న వదినె."

"నోటితోటి ఒప్పుకునుడు కాదు. గాడికి పోయినంక చేతులు కొంగుల దాచుకొని కూసోవాలె."

పొద్దున ఆరింటికి మా ఊరి మీదుగా పోయే బస్సు ఎక్కితే ఏడున్నరకు భువనగిరి చేరాం. అక్కడి నుంచి సికింద్రాబాదుకు ప్యాసింజరు బండి. మూడో తరగతి టికెట్ మనిషికి రూపాయిన్నర లోపే. నేరుగా పట్నం బస్సులు కూడా ఉన్నాయి కానీ, పండుగ రోజుల్లో నిలబడి పోవాలి. రైల్లో కూర్చోవడానికి జాగా దొరికింది. వదినె కిటికీ పక్కన కూర్చొని, పట్టాల పక్క చెలకల్లో విరగబూసిన తంగేడును చూసి చూసి నవ్వింది.

"నీ బిడ్డ నన్ను గుద్దిన గుద్దు యాదికొచ్చిందే," అన్నది. "ఏడేండ్ల పొట్టిది. గంతమంది ఆడోళ్ళం ఒక దిక్కు తిరుగుతుంటె అదొక్కతే ఎదురొచ్చి నా కడుపుల తలకాయ పెట్టె."

అనసూయది ఎడమచేతి వాటం. పువ్వు పేర్చడం మొదలుపెడితే ఎడమకు పేర్చుకుంటూ పోయేది. ఆటలో కూడా అంతే, అడుగు ఎడమకే పడేది. ప్రతి ఏడూ నేను రెండు భుజాలు పట్టి దాన్ని మళ్ళీ అందరి వైపు తిప్పేదాన్ని. పెద్దయ్యాక కూడా నేను కళ్ళు ఉరిమితేనే సరిగా తిరిగేది. వదినె నవ్వుతుంటే నేనూ నవ్వాను. తొమ్మిది నెలల్లో మొదటిసారి నవ్వానేమో, పక్కన కూర్చున్న వాళ్ళకు నేను ఏడుస్తున్నట్టు కనిపించింది. ఒకామె మంచినీళ్ళ చెంబు అందించింది.

పదకొండు దాటాక సికింద్రాబాదులో దిగాం. స్టేషను ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ తాగాం. వదినె సాసర్లో పోసుకొని ఊదుకుంటూ రెండు కప్పులు తాగింది. బయట నుంచే తార్నాక మీదుగా యూనివర్సిటీకి పోయే బస్సులు ఉంటాయి. కండక్టరు మనిషికి పదిహేను పైసలు తీసుకున్నాడు. తోటలో పిల్లలు ఆడేది సాయంత్రం కాబట్టి ముందు యూనివర్సిటీ చూద్దామని నేనే అన్నాను. ఆ పెద్ద రాతి కాలేజీ ముందు నిలబడితే మెడ నొప్పి పుట్టేదాకా తల ఎత్తాలి. మెట్ల మీద పిల్లలు పుస్తకాలు ఒళ్ళో పెట్టుకొని గుంపులు గుంపులుగా కూర్చున్నారు. ఆడపిల్ల ఎవరు జడ వెనక్కు వేసుకున్నా నా చూపు అటే పోయింది.

వదినె చాలాసేపు ఆ కట్టడాన్ని కింది నుంచి పైదాకా కొలిచింది. "ఇండ్ల వడ్లు పోస్తె మూడు జిల్లాలకు సాలుతయి," అన్నది. "గివన్నీ ఉత్త గదులేనా? చదువులకేనా?"

"చదువులకే."

"మన పిల్ల ఏ గదిల కూసుండేది?"

నాకు తెలియదు. అడిగి ఉంటే చెప్పేది. ఎన్నడూ అడగలేదు. బండల మీద చెట్టు నీడ చూసుకొని జొన్న రొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాం. మీరు పోయేటప్పుడు తిండి వెంట తీసుకుపోండి. లోపల దూరాలు ఎక్కువ, ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిచేసరికి ఆకలవుతుంది.

మూడింటికి తార్నాక వైపు గేటు దగ్గర రిక్షా మాట్లాడుకున్నాం. అర్ధరూపాయి అన్నాడు, వదినె పావలా అన్నది, చివరికి ముప్పై అయిదు పైసలకు ఎక్కించుకున్నాడు. గడ్డం నెరిసిన మనిషి. మేము ఎక్కడికి పోతున్నామో విని తల వెనక్కు తిప్పి మాట్లాడుతూనే తొక్కాడు.

"నవాబు సాబ్ ఉన్నప్పుడు గీ గోడ పొంటి చెప్పులు తొడుక్కొని నడువనియ్యకపోదురు అమ్మా. మా అబ్బ చెప్పులు సంకల పెట్టుకొని పోయెటోడు. ఇప్పుడు నేను ఖుషీగ గంట కొట్టుకుంట పోత. చూడుర్రి," అని గోడ ఉన్నంత దూరం గంట కొట్టాడు.

"ముందుకు చూసి తొక్కు నాయినా," అన్నది వదినె. "నీ ఖుషీకి మమ్ముల గుంతల పడేసేటట్టున్నవ్."

తోట గేటు దగ్గర దిగాం. మా నాయన సంగతి ఇక్కడ చెప్పాలి. మా పుట్టిన ఊరు ఆ నవాబు జాగీరులో ఉండేది. ఎండాకాలం వస్తే మామిడిపండ్ల గంపలు వెట్టికి మోసుకొని రెండు రోజులు నడిచి ఈ తోటకు వచ్చేవాడు మా నాయన. కూలీ లేదు. నేను చిన్నపిల్లను, నవాబు ఇల్లు ఎట్లా ఉంటుంది నాయినా అని అడిగితే, "గేటు మంచిగుంటది బిడ్డా" అనేవాడు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. జాగీర్లు పోయి ఇరవై ఏళ్ళు కావస్తోంది. నాయన కూడా లేడు. గేటు మాత్రం అట్లాగే ఉంది, ఏనుగు దూరేంత ఎత్తు, ఇనుప పువ్వులు, పైన ఆకుపచ్చ రంగు కొత్తగా వేశారు. పక్కన చెక్క కిటికీలోంచి ఒకతను టికెట్ చింపి ఇచ్చాడు.

లోపల మొక్కలకు నీళ్ళు పడుతున్న ముసలి మాలీని, పాతకాలంలో బరువులు మోసుకొచ్చినవాళ్ళు ఎక్కడ ఆగేవారో అడిగాను. నీళ్ళ కుండ కింద పెట్టి, గేటు బయటికే నడిచి ఒక నల్లబండ చూపించాడు. అంచు అరిగి నున్నగా ఉంది.

"గీడ దించెటోళ్ళు."

"లోపలికి రానియ్యకపోయేటోళ్ళా?"

"గంప వచ్చేది అమ్మా. మనిషి రాకపోయేది."

నేను ఆ బండను చేత్తో తాకాను. పువ్వు ముట్టవద్దన్నది వదినె, బండ సంగతి చెప్పలేదు. తర్వాత లోపలికి నడిచాం.

తోట చూడటానికి ఒక గంటన్నర పెట్టుకోండి. నడిమి బాటకు రెండు వైపులా ముసలి మామిడిచెట్లు, వాటి కింద సిమెంటు బెంచీలు. నవాబు బంగళాలో కొన్ని గదులు తాళం వేసి ఉంటాయి, ముందరి పెద్ద హాల్లో పాత ఫొటోలు, పల్లకి, పగిలిన దీపాల గుత్తులు పెట్టారు. బంగళా ముందు పాలరాతి అరుగు ఉంది. పాటలు పాడేవాళ్ళను పిలిపించి నవాబు ఒక్కడే కూర్చొని వినేవాడట. ఇప్పుడు ఆదివారం పూట దాని మీద నాటకాలు, షహనాయి. జనం కింద గడ్డిలో కూర్చొని చూస్తారట. మేము పోయిన రోజు కాలేజీ పిల్లలు ఏదో నాటకానికి కట్టె కత్తులతో కొట్లాట నేర్చుకుంటున్నారు. చచ్చిపోయినవాడు మాటిమాటికి లేచి నీళ్ళు తాగుతుంటే వదినె అక్కడే నిలబడిపోయింది, లాక్కొని రావాల్సి వచ్చింది. బంగళా వెనక ఎత్తు గోడల నడుమ జనానా తోట ఉంది, ఒకప్పుడు ఆ ఇంటి ఆడవాళ్ళు బయటి కంట పడకుండా తిరిగిన చోటు. అందులో నీళ్ళు లేని ఫౌంటెను, ఒక మూలన మెట్లబావి. హాస్టల్ పిల్లలు ఆడుకునేది అక్కడే.

నాలుగున్నరకు వచ్చారు. పది పన్నెండు మంది, చేతుల్లో పువ్వుల సంచులు, ఒక ఇత్తడి తాంబాలం. ముందు నడిచే పిల్లను నేను గుర్తుపట్టాను. మార్తా, అనసూయతో ఒకే గదిలో ఉన్న పిల్ల, ఆసుపత్రిలో మూడు రాత్రులు నాతో పాటు మేలుకున్నది. ఆమె కూడా నన్ను చూసింది. సంచి కింద పడేసి వచ్చి నన్ను పట్టుకుంది. మిగతా పిల్లలు చుట్టూ చేరారు. అనసూయ అమ్మ అని మార్తా చెప్పగానే గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక చిన్నమ్మాయి ముఖం విప్పారింది.

"మీరా అండీ! రాణి ఎలా ఉందండీ? పెద్దదైపోయిందా?"

"రాణి ఎవరు బిడ్డా?" అన్నాను.

"దూడండీ! పోయినేడు మీ గేదె ఈనిందిగా, అందుకేగా మీరు రాలేకపోయారు. నుదుటి మీద తెల్లబొట్టు ఉందట, రాణి అని పేరు పెట్టిందిగా అనసూయక్క. మేమంతా దాని గురించే అడిగేవాళ్ళం."

పక్కన వదినె ఊరుకునే మనిషి కాదు.

"ఏం దుడ్డె? ఏం రాణి?" అన్నది. "పోయిన బతుకమ్మకు మా తమ్ముని బర్రె చూడితోటి ఉండె. అది ఈనింది మాఘంల. అదీ దున్న!"

పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎక్కడో చోట ఒప్పుకోవాలని వచ్చినదాన్ని, ఒప్పుకోవాల్సిన మనుషులు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. ఫౌంటెను గట్టు మీద కూర్చున్నాను.

"నేను అబద్ధం రాసిన బిడ్డా," అన్నాను. "బర్రె ఈనలే. నాకే సిగ్గయింది. నా చీర, నా మాట చూసి మీరందరు నవ్వుతరేమో, నా బిడ్డ తల వంచుకుంటదేమో అని రాలే."

మార్తా నా ముందు నేల మీద కూర్చుంది. "దసరా సెలవులకు అనసూయ ఊరికి వచ్చింది కద అమ్మా?"

"వచ్చింది."

అప్పుడు నాకు అర్థమైంది. దసరాకు ఇంటికి రాగానే అది కొట్టంలోకి పోయింది. బర్రె ముందు నిలబడి, ఒక మోపు గడ్డి వేసి, దాని మెడ గోకి, లోపలికి వచ్చి ఆకలైతుందమ్మా అన్నది. అక్కడ దుడ్డె లేదు. నన్ను ఒక్క మాట అడగలేదు. నా జవాబు దానికి గుర్తే లేదనుకున్నాను. మర్చిపోయిందనుకొని ఊపిరి పీల్చుకున్నాను కూడా.

"వాపసు వచ్చినంక మేము అందరం అడిగినం," అన్నది మార్తా. "పెయ్య దుడ్డె పుట్టింది, నుదుట తెల్లబొట్టు, రాణి అని పేరు పెట్టిన అన్నది. గింత చిన్నది, అమ్మ చేతినుంచి తప్ప ఎవరి చేతి నుంచీ తినది అన్నది. వచ్చే ఏడు మా అమ్మ పక్కా వస్తది, అప్పటికి దుడ్డె మేతకు పోతది, ఇంక అడ్డం ఏముంటది, అని చెప్పింది."

నేను ఏడ్చాను. పిల్లలు ఏడ్చారు. వదినె మాత్రం కొంగుతో నా ముఖం గట్టిగా, కొట్టినట్టు తుడిచింది. "సిగ్గట సిగ్గు," అన్నది. "అబద్ధం కూడా సక్కగ ఆడరాదు నీకు. నీకంటె నీ బిడ్డ నయం, దుడ్డెకు బొట్టు కూడ పెట్టింది." గుంటూరు పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ తర్వాత పిల్లలు బతుకమ్మ పేర్చడానికి కూర్చున్నారు. బంతి ఉంది, గునుగు ఉంది, తోటలో రాలిన ఏవో పట్నం పువ్వులు ఉన్నాయి. తంగేడు లేదు. నల్లకుంట మార్కెటులో కూడా వెతికామని, దొరకలేదని మార్తా చెప్పింది. పోయినేడు వచ్చిన గంప తర్వాత వాళ్ళు తంగేడు చూడలేదు. నాలుగు వరుసలు పేర్చేసరికి అది ఒక పక్కకు ఒరిగిపోయింది. కాడలు పొట్టిగా తుంచారు, నడుమ ఆకు నింపలేదు. మళ్ళీ పేర్చారు, మళ్ళీ ఒరిగింది. మార్తా నావైపు చూసింది.

"మాకు ఇండ్ల పేర్చే రివాజు లేదమ్మా, మాది చర్చికి పోయే ఇల్లు. వీళ్ళ దిక్కు బతుకమ్మనే లేదు. మాకు వచ్చిందంత అనసూయ నేర్పిందే. జర సర్ది ఇస్తరా?"

నా చేతులు కొంగులోనే ఉన్నాయి. వదినె నన్ను చూసింది, ఒరిగిన బతుకమ్మను చూసింది, "జరుగుర్రి" అని చీర చెక్కుకొని పిల్లల నడుమ కూలబడింది. గుమ్మడాకు లేకపోతే బాదమాకు తెమ్మన్నది. కాడలు పొడుగు ఉంచమన్నది. కొత్తగా అడుగు వరుస మొదలుపెట్టి, ఊళ్ళో మేమందరం పేర్చినట్టు కుడికి పేర్చుకుంటూ పోయింది.

"వదినె, ఎడమకు," అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "ఏందీ?"

"పిల్లలకు ఎడమకే నేర్పింది. ఎడమకు పేర్చు."

"ఎదురా?"

"ఎదురే."

ఏళ్ళ తరబడి దాని భుజాలు పట్టి తిప్పినదాన్ని నేను. వదినెకు అది గుర్తుకొచ్చినట్టుంది. పేర్చిన పువ్వులు తీసేసి, రాని చేత్తో అ ఆ దిద్దినట్టు మెల్లగా, ఎడమకు పేర్చింది. నేను గట్టు మీద నుంచి నోటితో చెప్తూ పోయాను. గునుగు మీద బంతి, బంతి మీద గునుగు. పువ్వు ముట్టలేదు. పైన పసుపు గౌరమ్మను పెట్టేసరికి మూరెడు ఎత్తున, నిటారుగా నిలబడింది.

పిల్లలు చుట్టూ చేరి పాట ఎత్తుకున్నారు. చప్పట్లు సరిగ్గా పడుతున్నాయి. పన్నెండు మందీ, ఒక్కరూ తప్పకుండా, ఎదురు తిరుగుతున్నారు. ఊళ్ళో గుంపులో అదొక్కతే తిరిగినవైపు, ఇక్కడ అందరూ. అది నేర్పింది కాబట్టి వాళ్ళకు అదే సరైన వైపు. నడుమ వదినె ఒక్కతే అలవాటు కొద్దీ మా ఊరి వైపు అడుగు వేసి మార్తాను వెళ్ళి గుద్దుకుంది.

"ఏం తిరుగుడే ఇది! తల తిరుగుతున్నది!" అన్నది కానీ, మళ్ళుకొని వాళ్ళవైపే తిరిగింది. నేను గట్టు మీద కూర్చొని ఒళ్ళో చప్పట్లు కలిపాను, వినిపించకుండా.

ఆరు లోపల బతుకమ్మను మెట్లబావిలో వదిలారు. వదినె తన ఇంటి నుంచి తెచ్చిన సత్తుపిండి పిల్లలందరికీ పెట్టింది. వాళ్ళు ఆరున్నరకు హాస్టల్లో ఉండాలి కాబట్టి గేటు దాకా కలిసి నడిచాం. మేము అడిక్‌మెట్‌లో మా ఊరివాళ్ళ గదిలో ఆ రాత్రి ఉండి పొద్దున బండికి వచ్చేశాం. తార్నాక నుంచి అడిక్‌మెట్‌కు ఇరవై పైసల బస్సు. ఇద్దరికీ రానూపోనూ అన్నీ కలిపి పది రూపాయల లోపే అయింది.

ఆ పట్నమూ ఆ తోటా నాకు ఇప్పుడు బరువుగా లేవు. మా నాయన గేటు దాకా పోయాడు, నా బిడ్డ లోపలికి పోయింది, నేను ఏడాది ఆలస్యంగా పోయాను. పోయినేడే పోయుంటే అది నా చెయ్యి పట్టుకొని ఆ గేటు దాటించేది, అది ఇక జరగదు. కానీ నేను ఒప్పుకోవడానికి పోయిన తప్పును అది ఎప్పుడో తెలుసుకొని, దానికొక పేరు పెట్టి, బొట్టు పెట్టి, నా పరువు కింద పడకుండా పెంచి పెట్టింది. మాఘంలో పుట్టిన దున్న దుడ్డెకు ఇంటికి రాగానే గడ్డి వేశాను. దాని నుదుట ఏ బొట్టూ లేదు. అయినా రాణి అనే పిలుస్తున్నాను, మా ఆయన నవ్వుకున్నా సరే.

బతుకమ్మ రోజుల్లో మీరు ఆ తోటకు పోయేటట్టయితే ఒక్కటి గుర్తుంచుకోండి. పట్నంలో తంగేడు దొరకదు. పొద్దున్నే కోసి, కాడలు జానెడు ఉంచి, తడిగుడ్డ చుట్టి, పైన బరువు పెట్టకుండా ఒక గంప తీసుకుపోండి. నాకు ఏడాది నిండాక నేనూ తెస్తాను. నాలుగున్నరకు జనానా తోటలో పిల్లలు ఉంటారు, వాళ్ళకు ఇవ్వండి. వాళ్ళు ఎదురు తిరుగుతారు. భుజాలు పట్టి తిప్పకండి. మీరే వాళ్ళవైపు తిరగండి.